ఇరవై నొక్కులు

మా గదికీ జనరేటరు గదికీ మధ్య ఒకటే గోడ. తొమ్మిదేళ్ళుగా ఆ గోడ వైపే తల పెట్టుకుని పడుకుంటున్నాను. కరెంటు పోయిన సంగతి బిల్డింగులో అందరికీ దీపం ఆరాక తెలుస్తుంది. నాకు మెట్ల కింద పెద్ద బోర్డు మూలుగు ఆగగానే తెలుస్తుంది. తింటున్నా లేస్తాను, స్నానం చేస్తున్నా లేస్తాను. రంగూన్‌లో ఈ రోజుల్లో కరెంటు నాలుగ్గంటలు ఉంటే ఎనిమిది గంటలు ఉండదు. ఆ వంతు కూడా చెప్పిన వేళకి రాదు, చెప్పిన వేళకి పోదు. అందుకని నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది తక్కువ.

ఆ రోజు పొద్దున్న మ సూ కాగితాలు పట్టుకుని వచ్చింది. మ సూ మా బిల్డింగు ఇంజనీరు. బర్మా పిల్ల, ముప్ఫై దాటలేదు. నన్ను ఊలే అంటుంది, బాబాయి అన్నట్టు. నా పేరు ఢిల్లేశ్వరరావు. ఆ పేరు బర్మావాళ్ళ నోటికి పొడుగైపోయి ముందు ముక్కే మిగిలింది. ఇక్కడ అందరికీ నేను డిల్లీని.

"ఊలే డిల్లీ, మన బిల్డింగుకి గ్రీన్ సర్టిఫికెట్ తీసుకుంటున్నారు" అంది.

"పచ్చరంగు ఎప్పుడేత్తారంటేటి?" అన్నాడు సుశాంత్ నాతో తెలుగులో. సుశాంత్ గేటు దగ్గర కాపలా ఉంటాడు, లిఫ్టు కూడా అతనే చూస్తాడు. వాళ్ళది గంజాం వైపు కుటుంబం. మ సూకి తెలుగు రాదు. అతని మొహం చూసి వేళాకోళమని గ్రహించి, ఒకసారి కళ్ళెత్తి మళ్ళీ కాగితంలోకి చూసింది.

ఆ కాగితంలో కిటికీ అద్దాల గురించి, వాన నీళ్ళ గురించి చాలా ఉంది. నాకు సంబంధించింది ఒక్క పేజీ. కరెంటు పోయినప్పుడు బిల్డింగు ఎలా నడవాలి అన్నది. నిప్పు ఆర్పే పంపు, మెట్ల దీపాలు, పొగ లాగే ఫ్యాన్లు, ఒక లిఫ్టు, ఈ నాలుగూ పదిహేను సెకన్లలో మళ్ళీ నడవాలి. జనరేటరు దానంతట అదే లేవాలి. మనిషి చెయ్యి తగలకూడదు. పద్నాలుగు రోజుల తర్వాత ఆడిటరు వస్తాడు. మెయిన్ తీసేసి, గడియారం పట్టుకుని నిలబడతాడు.

"అలా లేస్తే పెద్ద తరగతి సర్టిఫికెట్ ఇస్తారు" అంది మ సూ. "లేవకపోతే ఇంకో దారి రాశారు. రాత్రీ పగలూ మెషీను దగ్గర మనిషి ఉండాలి. అప్పుడు ఒక తరగతి తగ్గించి ఇస్తారు."

నేను తల ఊపాను. ఆమె ఇంకా వెళ్ళలేదు. మా గది తలుపు వైపు చూసింది. తలుపు మీద భాగ్యవతి ఆరేసిన తువ్వాలు ఉంది.

"ఓనరుగారు ఏమన్నారంటే, పెద్ద తరగతి వస్తే ఇక్కడ మనిషి అక్కర్లేదు అన్నారు. డీజిల్ పక్కన కాపురం ఉండకూడదని కూడా ఇందులో ఉంది. గది ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. చిన్న తరగతే వస్తే మీరుంటారు. గదిని మెట్ల అవతలికి మారుస్తాం." కాగితాలు మడిచింది. "నేను రాసింది కాదు ఊలే."

"తెలుసు తల్లీ" అన్నాను బర్మాలో.

ఆమె వెళ్ళాక సుశాంత్ వేళాకోళం ఆపేసి నా పక్కన నిలబడ్డాడు. "అది లెగుతాదా అన్నియ్యా, దానంతట అది?" అని అడిగాడు.

నేను తలుపు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాను. చెప్పాల్సి వస్తే, లేవదు అని చెప్పాలి.

ఆ జనరేటరుకి డీజిల్ టాంకు కింద ఉంటుంది, ఫిల్టరు పైన ఉంటుంది. మెషీను ఆగాక గంట, గంటన్నరలో గొట్టంలో డీజిల్ మెల్లగా కిందికి జారిపోతుంది. ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. ఫిల్టరు నెత్తిన బొటనవేలంత చేతి పంపు ఉంది. దాన్ని ఇరవై సార్లు నొక్కితే డీజిల్ మళ్ళీ ఎక్కుతుంది. అప్పుడు తాళం తిప్పితే మొదటి పిలుపుకే లేస్తుంది. నొక్కకపోతే మూడుసార్లు దగ్గి, ఎర్ర దీపం వేసుకుని ఊరుకుంటుంది. తొమ్మిదేళ్ళుగా నేను నొక్కుతున్నాను. నాకు ముందు పద్దెనిమిదేళ్ళు వీరన్న మావ నొక్కాడు. కరెంటు పోయిన నిమిషంలోపు దీపాలు వెలుగుతుంటే ఎవరు అడుగుతారు. తనంతట తను లేవాల్సిన స్విచ్చి ఒకటి దానికి ఉందని, అది ఎప్పుడూ 'చేతి' వైపే తిప్పి ఉందని ఎవరూ చూడలేదు.

గాలి ఎక్కడినుంచి వస్తుందో కూడా నాకు తెలుసు. ఫిల్టరు పక్కన గొట్టం బిగించిన నట్టు ఒకటుంది. దాని అడుగున ఎప్పుడూ చిన్న తడి. తుడిస్తే పోతుంది, మర్నాటికి మళ్ళీ వస్తుంది. నాకు పని అప్పగించిన రోజున వీరన్న మావ ఆ నట్టు మీద వేలు పెట్టి, "దీన్ని ముట్టుకోకు" అన్నాడు. వాళ్ళ తాత రేవులో వించి తిప్పేవాడట. ఓడల్లోంచి బస్తాలు పైకి లాగే మెషీను అది. ఆ వించివాళ్ళకి ఒక పద్ధతి ఉండేదట. మెషీన్లో ఒక్క మెలిక తమ చేతికే ఉంచుకునేవారు. బ్రేకు కాస్త జారుగానో, పన్ను కాస్త అరిగో. ఆ మెలిక తెలియనివాడు ముట్టుకుంటే బస్తా గాల్లోనే ఉండిపోతుంది. అప్పుడు దొర మళ్ళీ పాతవాడినే పిలిపిస్తాడు. తాత కొడుక్కి, కొడుకు వీరన్న మావకి, మావ నాకు ఆ పద్ధతి ఇచ్చారు.

ఇంకోటి కూడా ఇచ్చాడు. మెషీను పుస్తకం. వారానికోసారి మెషీను సంగతి అందులో రాయాలి. మావ ప్రతి వారమూ ఒకే మాట రాసేవాడు, "క్షేమం" అని, తెలుగులో. నేనూ అదే రాస్తున్నాను. మా ఊళ్ళో ఉత్తరాలు అలాగే రాసేవాళ్ళం. మా ఊరు ట్వాంటే దాటాక కాలవ ఒడ్డున ఉంది. అక్కడి బడిలోనే పగలు బర్మా, సాయంత్రం తెలుగు నేర్చుకున్నాను. ఒక ఏడు వరదకి చేను మొత్తం పోయింది. ఆ నీళ్ళు తీయకముందే మా అయ్య శ్రీకాకుళంలో చిన్నాన్నకి ఉత్తరం రాయించాడు, ఇక్కడ మేమంతా క్షేమం అని. రాసింది నేనే. మొదటి వరస అలాగే ఉండాలన్నాడు. మెషీను పుస్తకంలో నాకు మొదటి వరస తప్ప రెండోది లేకపోయింది.

మధ్యాహ్నం భాగ్యవతికి చెప్పాను. బియ్యం చెరుగుతూ వింది.

"మరేటి బెంగ నీకు?" అంది. "అది లెగదు. లెగకపోతే నివ్వు ఉంటావు. ఆ పిల్లే సెప్పింది గదా."

"లెగకపోడానికి కారణం నాకు తెలుసు గదా."

"నీకు తెలిసినవన్నీ ఊరికి సెప్పీస్తావేటి? మాటాడమంటే మాటాడవు. ఈ ఒక్క మాటే దొరికిందా నీకు?" చేట ఆపింది. "ఈ గది ఒగ్గీస్తే ఎక్కడుంటాం? ఊరవతల లైంగ్‌థార్యార్లో కొట్టుగది తీసుకుని అక్కడినుంచి ఏ బస్సు పట్టుకుని ఏ పనికొస్తావు, ఈ వొయిసులో?"

నా వయసు యాభై ఆరు. బోర్డు మూలుగు ఆగింది. లేచి వెళ్ళి ఇరవై నొక్కులు నొక్కాను.

నాలుగో రోజున మ సూ స్విచ్చిని 'ఆటో' వైపు తిప్పి, దాని మీద కాగితం అంటించింది, ఎవరూ మార్చకూడదని. అప్పటినుంచి నాకు నిలకడ లేదు. కరెంటు ఉన్నప్పుడు గంటకోసారి వెళ్ళి పంపు నొక్కి వస్తున్నాను. ఎవరైనా ఎదురైతే గుడ్డ తీసుకుని మెషీను తుడుస్తున్నట్టు ఉంటాను. పోయిన ప్రతిసారీ మెషీను తనంతట తనే లేచినట్టు కనబడింది. మ సూ గడియారం చూసి నవ్వుకుంది. ఆ నవ్వు చూశాక నాకు అన్నం సయించలేదు. నొక్కితే లేస్తుంది, లేస్తే నేను పోతాను. నొక్కకుండా ఉండలేకపోతున్నాను. నా చేతులు నా మాట వినడం లేదు.

ఆరో రోజు వీరన్న మావ దగ్గరికి వెళ్ళాను. తొమ్మిదింటికి వచ్చిన కరెంటు ఒంటిగంట దాకా ఉండాలి. భాగ్యవతి బజారుకి వెళ్ళింది. పదింటికి పంపు నొక్కి బస్సెక్కాను. మావ ఇల్లు మింగళ తౌంగ్‌న్యున్‌లో, స్టేషనుకి ఈవల సందులో. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చుని టేబుల్ ఫ్యాను విప్పుతున్నాడు.

"ఎవులు, డిల్లీవా? మెషీన్ని ఒగ్గీసి వొచ్చీసినావేటి?"

"కరెంటుంది మావా. ఒంటిగంట దాకా ఉంటాది."

"ఉంటాదని ఎవులు సెప్పినారు? కరెంటాఫీసోడా? ఆడికే తెల్దు."

సంగతి చెప్పాను. పదిహేను సెకన్లు అనగానే మావ నవ్వాడు. పళ్ళు లేని నవ్వు.

"మనిసి సెయ్యి తగల్కుండానా? అయితే ఊరుకో. అది లెగదు. నీ కూడు నీకే ఉంటాది."

"లెగకపోతే లిఫ్టులో మనుసులు ఉండిపోతారు గదా మావా."

"పద్దెనిమిదేళ్ళు నాను సూసినాను. ఒక్కడైనా ఉండిపోనాడా? తొమ్మిదేళ్ళు నివ్వు సూసినావు. ఉండిపోనాడా?"

"మనం ఉన్నాం గావట్టి ఉండిపోలేదు."

"అదే నానూ సెప్తున్నాను. మనం ఉండాల." స్క్రూడ్రైవరు నా వైపు తిప్పాడు. "ఆ నట్టు ముట్టుకున్నావో, తరవాత నా గుమ్మం తొక్కకు. రేవులో మా తాతలు అలాగ బతికినారు. ఆలందరూ ఎర్రోళ్ళేటి? నీకొక్కడికే పుట్టిందా నీతి?"

మావ ఫ్యాను రెక్క బిగించి నా చేతికిచ్చి, తిరుగుతుందేమో చూడమన్నాడు. ప్లగ్గు పెట్టాను. తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ మెల్లబడి ఆగిపోయింది. నేను మళ్ళీ నొక్కాను. స్విచ్చిలో ఏమీ లేదు. సందులో ఎవరో పిల్లలు కరెంటు పోయిందని అరిచారు.

పదకొండూ ఇరవై.

మావ ఏదో అంటున్నాడు, నేను వినలేదు. బస్సు కోసం ఆగకుండా నడిచాను, కాసేపు పరిగెత్తాను, తర్వాత బస్సు దొరికింది. కూడలిలో దీపాలు ఆరిపోయి కార్లు ఒకదాని మూతి ఒకటి పొడుచుకుని నిలబడ్డాయి. దుకాణాల ముందు జనరేటర్లు ఒకటొకటే లేస్తున్నాయి. మందుల షాపుది సన్నగా, బంగారం కొట్టుది మెత్తగా. టీ కొట్టుది చిన్నది, తాడు లాగేది. దాన్ని లాగేవాడు నాలుగుసార్లు లాగాడు. మా బిల్డింగు దగ్గర దిగాక నాకు వినాల్సిన చప్పుడు వినబడలేదు. తొమ్మిది అంతస్తులు నిశ్శబ్దంగా నిలబడి ఉన్నాయి. గేటు దగ్గర సుశాంత్ లేడు.

లిఫ్టు నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగింది. లోపల ఒక్కతే మనిషి. తులసమ్మ అని, మన తెలుగావిడే, ఆరో అంతస్తులో మోకాళ్ళ నొప్పులకి వైద్యం చేసేచోటికి వారానికి రెండుసార్లు వస్తుంది. సుశాంత్ ఐదో అంతస్తులో తలుపు సందుకి నోరు పెట్టి ఆవిడతో మాట్లాడుతున్నాడు. మ సూ జనరేటరు గదిలో ఎర్ర దీపం ముందు నిలబడి ఉంది. ఆమె మెడ చెమటతో తడిసిపోయింది.

"మూడుసార్లు తిరిగింది ఊలే. లేవలేదు. బ్యాటరీ బాగానే ఉంది."

"నువ్వు లిఫ్టు దగ్గరికి వెళ్ళు తల్లీ" అన్నాను.

ఆమె తలుపు దాటాక పంపు నొక్కాను. ఇరవై. తాళం తిప్పాను. లేచింది. మెట్ల మీద జనం చప్పట్లు కొట్టారు.

తులసమ్మ ఇరవై ఎనిమిది నిమిషాలు లోపల ఉంది. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. చీర చెంగు మొత్తం తడిసింది. నన్ను చూసి, "ఏరా డిల్లీ, నీ మెషీను నీ మాటే ఇంటాదంట గదా" అంది. "మరి నివ్వు ఊళ్ళు తిరగడానికి ఎల్లేటప్పుడు దానికి నన్ను అప్పసెప్పి ఎల్లవలిసింది. నాను దాని కాళ్ళు పట్టుకుందును."

అందరూ నవ్వారు. నేను కూడా మూతి కదిపాను. ఆవిడ నవ్వలేదు.

ఆ రోజునుంచి బిల్డింగులో అందరిదీ ఒకే మాట. కో డిల్లీ, అంటే డిల్లీ అన్న, చెయ్యి పడితే తప్ప అది లేవదు. రెండో అంతస్తు ఆఫీసువాళ్ళు బిల్డింగు మేనేజరుకి చెప్పారట, ఆ మనిషిని తియ్యకండి, చిన్న తరగతి సర్టిఫికెటే చాలు అని. సుశాంత్ వచ్చి నా వీపు తట్టాడు.

"నీ పని గట్టిపడిపోనాది అన్నియ్యా. టీ ఎప్పుడిప్పిస్తావు?"

భాగ్యవతి ఆ వేళ చేపల పులుసు పెట్టింది. నా పళ్ళెంలో రెండు ముక్కలు వేసింది.

మ సూ మాత్రం ఒప్పుకోలేదు. తను ఆటోకి తిప్పిన ప్యానెల్లోనే తప్పు ఉందనుకుంది. మూడు రోజులు ప్యానెల్ విప్పింది. వైరు వైరుకీ చీటీ అంటించి, రిలేలు మార్చి, మళ్ళీ బిగించింది. నన్ను టార్చి పట్టుకోమంది. పట్టుకున్నాను. నేను గట్టిగా అనుకుని, ముందుగా వెళ్ళి పంపు నొక్కడం మానేశాను. ఇప్పుడు మెషీను ఆగి అరగంటే అయితే లేస్తోంది, రెండు గంటలైతే లేవడం లేదు. అప్పుడు ఆమె అటు తిరిగినప్పుడు నేను నొక్కి లేపుతున్నాను. ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు. ఆ పిల్లకి అది పిచ్చెక్కించింది. మూడో రోజున మేనేజరు వచ్చి అందరి ముందూ అన్నాడు, చదువుకున్నవాళ్ళకంటే మా డిల్లీ నయం అని. మ సూ తల వంచుకుని స్క్రూలు డబ్బాలో వేసుకుంది. ఒకటి కింద పడింది. దాన్ని వెతకలేదు.

ఆ మర్నాడు తులసమ్మ వచ్చే రోజు. కరెంటు ఉంది, లిఫ్టు నడుస్తోంది. నేను గదిలో ఉన్నాను. తల మీద మెట్ల చప్పుడు వినబడింది. ఒక చెప్పు, కాసేపటికి రెండో చెప్పు. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ ఒక చెప్పు. మా గది మెట్ల కిందే కాబట్టి ఎవరు ఎక్కుతున్నారో నాకు చూడకుండానే తెలుస్తుంది. బయటికొచ్చి చూశాను. ఆవిడ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఎక్కుతోంది. సుశాంత్ కింద నిలబడి బతిమాలుతున్నాడు.

"పిన్నీ, లిఫ్టుంది. కరెంటుంది. నానూ నీతో ఎక్కుతాను."

"నివ్వెక్కు బాబూ" అంది ఆవిడ వెనక్కి చూడకుండా. "నాకు పనేటుంది, మెల్లగా ఎల్తాను."

ఆరో అంతస్తుకి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. మోకాళ్ళు బాగుచేయించుకోవడానికి. నేను గదిలో కూర్చోలేకపోయాను, బయట నిలబడలేకపోయాను. జనరేటరు గదిలోకి వెళ్ళి, నట్టు కింద తడి తుడిచాను. వచ్చి మళ్ళీ చెప్పులు విన్నాను. ఆవిడ దిగేటప్పుడు ఇంకా ఆలస్యమైంది.

పన్నెండున్నరకి మ సూ అన్నం డబ్బా తెచ్చుకుని ప్యానెల్ ముందు కూర్చుంది. మూత తియ్యలేదు.

"అక్కడ ఏమీ లేదు తల్లీ" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. నేను ఫిల్టరు నెత్తిన గాలి వదిలే మర వదులు చేసి, పంపు ఒకసారి నొక్కాను. డీజిల్ రాలేదు. బుడగలు వచ్చాయి, ఉడుకుతున్న గంజిలో వచ్చినట్టు. నొక్కుతూ లెక్కపెట్టాను. పదిహేడుకి బుడగలు తగ్గాయి. ఇరవైకి శుభ్రమైన డీజిల్ కారింది. మర బిగించి, తడి నట్టు చూపించాను.

ఆమెకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. తడి నట్టు మీద వేలు పెట్టి చూసుకుంది.

"ఎన్నాళ్ళనుంచి తెలుసు?"

"తొమ్మిదేళ్ళు."

"నేను మూడు రోజులు ప్యానెల్ విప్పాను ఊలే. మీరు టార్చి పట్టుకున్నారు."

"పట్టుకున్నాను."

ఆమె పుస్తకం తీసుకొచ్చింది. ఆడిటరుకి చూపించాల్సిన పుస్తకం. పేజీలు తిప్పింది. ప్రతి పేజీలోనూ నా అక్షరాలే, ఒకే మాట. అదేమిటని అడిగింది. బాగుందని, అందరం బాగున్నామని రాశానని చెప్పాను. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. పెన్ను నా చేతికిచ్చి, "ఇవాళ జరిగింది రాయండి, బర్మాలో" అంది. రాశాను. నాలుగు వరసలు. గాలి ఎక్కడినుంచి వస్తుందో, ఎన్నేళ్ళుగానో, ఎవరికి తెలుసో. వీరన్న మావ పేరు రాయలేదు. నా పేరు రాశాను.

తర్వాత ఇద్దరం నట్టు విప్పాం. ఇరవై ఏడేళ్ళుగా ఎవరూ విప్పలేదు కాబట్టి మొదట కదల్లేదు. పానాకి గొట్టం తగిలించి లాగాను. విప్పాక లోపల రాగి వాషరు ఉంది, వేలి గోరంత. ఒకచోట వెంట్రుకంత పగులు. దాన్ని నా అరచేతిలో పెట్టి ఆమె డబ్బాలో వెతికింది. అదే కొలతది దొరికింది. పెట్టి బిగించాం. పావుగంట కూడా పట్టలేదు.

"మేనేజరుగారికి చెప్తాను" అంది. "గాలి దూరే చోటు దొరికిందని. పుస్తకంలో ఉన్నది అడిగితే చూపిస్తాను. అడక్కపోతే..." ఆగింది. "మీ గది సంగతి మీకు గుర్తుంది కదా ఊలే?"

"గుర్తుంది."

అప్పుడు ఆమె అన్నం డబ్బా మూత తీసింది.

భాగ్యవతికి చెప్పలేదు. రోజుకి పదిసార్లు చెప్పబోయి మానేశాను. ఆమె అటకమీది డబ్బాలు దించి దులిపి మళ్ళీ పెడుతోంది. గది మెట్ల అవతలికి మారిస్తే అటక ఏ వైపు వస్తుందని అడిగింది. తెలీదన్నాను.

ఆడిటరు పొద్దున్న పదింటికి వచ్చాడు. సన్నటి మనిషి, సింగపూర్ నుంచి వచ్చాడని చెప్పారు. బూట్లకి నీలం సంచులు తొడుక్కున్నాడు. ముందు మిద్దె మీదికి వెళ్ళి పొగగొట్టం సందు వైపు ఊదుతోందా, పైకి ఊదుతోందా అని చూశాడు. పుస్తకం తిరగేశాడు. చివరి పేజీ దగ్గర ఆగి మ సూని అడిగాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నా వైపు ఒకసారి చూసి, ఆ పేజీని ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. కోపంగానూ లేడు, మెచ్చుకోనూ లేదు.

కరెంటు ఆరింటినుంచీ ఉంది. మెషీను ఆగి నాలుగున్నర గంటలైంది. నేను దాని దగ్గరికి పోలేదు. ఆయన జనరేటరు గది తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. అందరం నడవలో నిలబడ్డాం. మ సూ మెయిన్ దగ్గర నిలబడింది. ఆయన చెయ్యి ఎత్తి దించాడు.

బోర్డు మూలుగు ఆగింది. నా ఒళ్ళు లేవబోయింది. రెండు చేతులూ లొంగీ ముడిలో దోపుకుని నిలబడ్డాను. చీకట్లో ఎవరో దగ్గారు. తలుపు అవతల మోటారు తిరగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు అనుకునేసరికి ఇంజను పట్టుకుంది. రెండో పిలుపు అవసరం లేకపోయింది. మెట్ల దీపాలు వెలిగాయి. పైన ఎక్కడో లిఫ్టు మళ్ళీ కదిలింది.

"తొమ్మిది సెకన్లు" అంది మ సూ.

ఆడిటరు తాళం తీసి లోపలికి వెళ్ళాడు. గంటసేపు లెక్కలు చూసుకుంటూ ఉన్నాడు. వెళ్ళేముందు మేనేజరుతో చెయ్యి కలిపాడు. మేనేజరు మొహం వెలిగిపోయింది. నా పక్కనుంచి వెళుతూ, "చూశావా కో డిల్లీ, నువ్వు లేకుండానే లేచింది" అన్నాడు. అందులో వెటకారం లేదు. ఆయనకి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది.

మ సూ నడవ చివర దాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

"శుక్రవారం లోపు ఖాళీ చెయ్యాలన్నారు. ఈ నెలాఖరు దాకా పగలు పనికి రమ్మన్నారు. ఆ తర్వాత లేదు." చేతిలో ఉన్న గుడ్డ మడిచింది. "నేను అడిగాను ఊలే. ఇంకో మూడు నెలలు ఉంచండని. ఒప్పుకోలేదు."

"నువ్వు అడిగావు" అన్నాను.

గదిలోకి వెళ్ళాను. గోడ అదురుతోంది, జనరేటరు నడుస్తోంది కాబట్టి. భాగ్యవతి చాప మీద కూర్చుని గోడ వైపు చూస్తోంది. ఆమె కూడా ఈ గోడ పక్కనే తొమ్మిదేళ్ళు ఉంది. చప్పుళ్ళ తేడా ఆమెకి తెలుసు.

"పంపు నొక్కీసి బయటికొచ్చినావా?" అంది.

"తాళం ఏసినారు. నొక్కలేదు."

"మరి ఎలాగ లెగిసింది?"

"నట్టు ఇప్పి వాషరు మార్చినాం. నాలుగు రోజులయ్యింది."

"నాకు సెప్పలేదు."

"సెప్తే ఒద్దంటావని."

"ఒద్దనే అందును" అంది. చాప అంచు సరిచేసింది. తర్వాత, "ఆ తులసమ్మ గురించా?" అని అడిగింది.

"ఆవిడొక్కర్తే కాదు."

"అదే ముందు రోజే సెప్పవలిసింది. నాను ఆ డబ్బాలు దులపకపోదును." లేచి, కొంగు దోపుకుంది. "ఎప్పటికి కాళీ సెయ్యాల?"

"సుక్కురారం."

"మావ మనల్ని ఆ సందులోకి రానిస్తాడేటి?"

"రానివ్వడు."

"అయితే సుశాంత్‌ని అడుగు. ఆళ్ళ వాడలో పైగది ఏదో కాళీ ఉందని మొన్న అన్నాడు. టీ కూడా ఇప్పించలేదు ఆడికి, ఏ మొహం పెట్టుకుని అడుగుతావో మరి."

ఆమె మంచం మీదికి ఎక్కి దోమతెర తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. నాలుగో ముడి అందలేదు. నేను విప్పాను. తెర మా ఇద్దరి నెత్తిన పడింది. దాన్ని తప్పించుకుని, ఒక అంచు తను పట్టుకుని రెండో అంచు నా వైపు చాపింది. పట్టుకుని, ఆమె వెనక్కి నడుస్తుంటే నేనూ వెనక్కి నడిచాను.